చిల్లుల అంచు కాగితం

బుధవారం పొద్దున వెంకటి తన నాలుకను తానే కొరుక్కున్నాడు.

వేపపుల్ల నములుతూ వాకిట్లో నిలబడ్డవాడు నిలబడ్డట్టే వెనక్కి విరుచుకుపడ్డాడు. కాళ్ళూ చేతులూ కొయ్యబారాయి. మెడ ఒక పక్కకు మెలితిరిగింది. నోట్లోంచి నురగ, నురగ వెంట నెత్తురు. పెండ్లాం పోశవ్వ పుల్ల లాగబోతే ఆమె వేలు పళ్ళ మధ్య పడి గోరు ఊడింది. నలుగురు మీదపడి అదిమినా ఆగని ఒళ్ళు కాసేపటికి దానంతటదే తడిగుడ్డలా జారిపోయింది. కళ్ళు తెరిచాక వెంకటి గోడ మూలకు పాక్కుంటూ పోయి, "తేళ్ళు! గోడ నిండ తేళ్ళు! మీదికొస్తున్నయి, కొట్టుండ్రి!" అని కేకలు పెట్టాడు.

గోడమీద సున్నం తప్ప ఏమీ లేదు.

ఆ కేక విన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈదులవాడలో తేలు అనగానే గుర్తొచ్చేది ఒకే ఒక్క మనిషి.

ఈదులవాడ నస్పూర్‌కు ఆరు మైళ్ళు. మగవాళ్ళలో సగం మంది శ్రీరాంపూర్ బొగ్గు బావుల్లోకి దిగుతారు, తక్కిన సగం పత్తి పెడతారు. ఊరి చివర రేకుల ఇంట్లో యాదవ్వ ఒంటరిగా ఉంటుంది. మొగుడు పోయాడు, కూతురు జమ్మికుంట పత్తి యార్డులో పని చేస్తుంది. తేలు కుట్టిన వాళ్ళు ఏ వేళ వచ్చినా యాదవ్వ వేపమండతో దిగదుడిచి, పెదవులు కదిపీ కదపనట్టు ఏదో అంటుంది. మంట దిగుతుంది. దిగకపోయినా దిగుతుందన్న ధైర్యం వస్తుంది.

నర్మదకు ఏడేళ్ళప్పుడు పత్తికట్టె మోపులో చెయ్యి పెడితే నల్లతేలు కుట్టింది. పొద్దు గూకేదాకా ఆ చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది యాదవ్వ. ఆ పెదవుల కదలిక నర్మద మరిచిపోలేదు. ఊరి బడిలో చదివి, హైదరాబాదు దాకా పోయి, పరిశోధనకు ఏం తీసుకుంటావని అడిగితే ఆమె చెప్పింది తేలు మంత్రాల గురించే.

అక్కడ ఆమెకు ఇంకో ఊరు దొరికింది. కంప్యూటరు శాఖ వాళ్ళు పరిశోధక విద్యార్థుల కోసం ఒక ఉత్తరాల గుంపు పెట్టారు. ఒకరు కంప్యూటర్లో ఉత్తరం రాస్తే గుంపులో ఉన్న నలభై మందికీ ఏకకాలంలో చేరుతుంది. మందుల మీద పని చేసేవాళ్ళు, మట్టి మీద పని చేసేవాళ్ళు, లెక్కల వాళ్ళు, చరిత్ర వాళ్ళు అందరూ అందులో ఉన్నారు. ఒకరి చిక్కుముడి ఇంకొకరు విప్పేవారు. సెమినార్లలో నలుగురి ముందు నోరు పెగలని నర్మద అక్కడ మాత్రం పేజీలు పేజీలు రాసేది.

నిరుడు దసరా సెలవుల్లో యాదవ్వ ఆమెకు మంత్రం చెప్పింది. తలస్నానం చేయించి, తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, చెవిలో మూడు సార్లు చెప్పి, ఒక షరతు పెట్టింది.

"మంత్రం నువ్వు పదిమందికి చెప్పు బిడ్డా, ఫికర్ లేదు. ఎవలిచ్చిండ్రో ఆ పేరు మాత్రం బయట పెట్టకు. పేరు బయటవడ్డదంటే ఇచ్చినోళ్ళకే తిరుగుతది."

"చెప్పనత్తా," అని నర్మద చేతిలో చెయ్యి వేసింది.

కానీ పేరు, వయసు, ఊరు, తెలిసిన మంత్రం, ఈ నాలుగూ లేనిది సమాచారమే కాదని గైడు అన్నాడు. నర్మద పద్నాలుగు ఊళ్ళు తిరిగి పద్నాలుగు పేర్లతో పట్టిక వేసింది. ఆరో వరసలో యాదవ్వ. నోటితో చెప్పలేదు కదా, రాశాను అంతే కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆ పట్టికను గుంపుకు పంపిన రోజు ఎనిమిది మంది మెచ్చుకుంటూ జవాబు రాశారు. అంతమంది తనను మెచ్చుకోవడం ఆమెకు అదే మొదటిసారి. ఆ ఎనిమిది ఉత్తరాలనూ రెండేసి సార్లు చదువుకుంది.

ఇప్పుడు తొంభై తొమ్మిది ఎండాకాలం. థీసిస్ రాసుకోవడానికి ఊరికొచ్చి నెల అయింది.

గురువారం ఇంకో ఇద్దరు పడిపోయారు. ఇటుక బట్టీలో పనిచేసే గంగుబాయి ఇటుకల మీదనే పడి, తల బాదుకుని, గాజులు పగిలి మణికట్టు కోసుకుపోయింది. రిటైరైన బావి కార్మికుడొకడు కట్టుకున్న పెళ్ళాన్నే గుర్తుపట్టక గొడ్డలి తీసుకుని తరిమాడు. ఆరెంపీ డాక్టరు అందరికీ గ్లూకోజు ఎక్కించి, "ఇది నా చేతిల లేదు" అని సైకిలెక్కాడు. ఆ సాయంత్రం వెంకటికి నాలుగోసారి ఫిట్సు వచ్చి, ఇక తగ్గలేదు. ఊపిరితోనే పోయింది.

నర్మద తన అలవాటు ప్రకారం నోటుబుక్కులో రాసుకుంది. ఎవరు, ఏ ఇల్లు, ఎప్పుడు పడ్డారు, ముందురోజు ఏం తిన్నారు, రోజూ ఏం తాగుతారు. ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఎందుకు రాస్తోందో ఆమెకే తెలియదు. ఏడవడం రాని మనిషి రాసుకుంటుంది.

వెంకటి శవం చుట్టూ ఊరంతా ఉంది. నర్మద అన్న కొమురెల్లి అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించుకోబోతే అగ్గిపుల్లలు మూడు ఆరిపోయాయి. దుబాయిలో కరెంటు పని చేసి, మూడు నెలల సెలవు మీద వచ్చాడు. తల్లి పోసిచ్చిన చాయ్‌లో సగం ఒలికిపోయింది.

"అగో, చేతులెందుకట్ల వణుకుతున్నయిరా నీకు?" అంది అవ్వ.

"నిద్ర లేదవ్వా రెండు దినాల సంది. కండ్లు మూస్తె ఏందేందో కనవడుతుంది."

"నీ మీదిక్కూడ వచ్చిందేమో మరి," అన్నాడు పక్కనే నిలబడ్డ అంతయ్య.

అంతయ్య కల్లు డిపో కాంట్రాక్టరు. తెల్ల చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. పోస్టుమన్ ఊరి ఉత్తరాలన్నీ అతని డిపోలోనే పడేసి పోతాడు, ఊరంతా సాయంత్రానికి అక్కడికే చేరుతుంది కాబట్టి. లైసెన్సు తగాదాతో ఆదివారం అబ్కారీ వాళ్ళు వచ్చి ఆ డిపోకు సీలు వేసిపోయారు. అప్పటినుంచి అతనికీ పని లేదు.

"ఏం వచ్చింది కాకా?" అన్నాడు కొమురెల్లి.

"బాణామతిరా. గింత సోయి లేదా నీకు? వెంకటిగాడు తేళ్ళు తేళ్ళని మొత్తుకోలేదా? ఊర్ల మూలాన్ని పెట్టుకొని దవాఖాన్ల పొంట తిరిగితె ఏం ఫాయిద?"

"ఆమె తీసేటిది కాకా, పెట్టేటిది కాదు," అన్నాడెవరో వెనకనుంచి.

"తీసుడు వచ్చినదానికి పెట్టుడు రాదా? తాళం తీసెటోనికి ఎయ్యరాదా?"

పోశవ్వ మొగుడి కాళ్ళ దగ్గరనుంచి తలెత్తి అంతయ్య వైపు చూసింది. నర్మద ఆ చూపును చూసింది.

ఆమె అక్కడినుంచి తిన్నగా రేకుల ఇంటికి పోయింది. యాదవ్వ మక్కగటక కలియబెడుతోంది.

"అత్తా, జమ్మికుంటకు పో. జర నాలుగు దినాలు బిడ్డ దగ్గర ఉండు."

"ఎందుకు పోవాలె? నేనేం చేసిన?"

"ఏం చెయ్యలేదని నాకెరుక. ఊరు మంచిగ లేదత్తా."

"పోతెనే నేను చేసిన్నంటరు," అంది యాదవ్వ తెడ్డు ఆపకుండా. "వెంకటిగానికి పదేండ్లప్పుడు తేలు కుడితె నేనే దించిన. వాని అవ్వ నా కాళ్ళు మొక్కింది. గా ఊరు నన్నేం చేస్తది? తిని పో, గటకైంది."

నర్మద తినలేదు. శుక్రవారం తెల్లవారి మొదటి బస్సుకు కరీంనగర్ పోయింది.

*

బస్టాండుకు ఎదురుగా లీలాబాయి టెలిఫోను బూతు. కాలు సరిగా లేని లీలాబాయికి ఆ బూతు సర్కారు కోటాలో వచ్చింది. మహారాష్ట్ర సరిహద్దు ఊరిది, మాటల్లో ఆ యాస పోలేదు. ఆర్నెల్ల కింద ఆమె ఒక కంప్యూటరూ, పాత ప్రింటరూ తెచ్చి ఇంటర్నెట్ అని బోర్డు రాయించింది.

"లైన్ దొరుకుడే కష్టమున్నది పోరీ. కూసో, నేను తిప్పుత," అంటూ పది సార్లు తిప్పింది. పదకొండోసారి డబ్బాలోంచి కీచుమని గీరినట్టు చప్పుడై లైను కలిసింది.

నర్మద గుంపుకు ఉత్తరం రాసింది. మంత్రం ఊసు ఎత్తలేదు. మూడు రోజుల్లో ముగ్గురు పడిపోయారు, ఒకరు పోయారు, మనుషులకు లేనివి కనిపిస్తున్నాయి, చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు, జ్వరం లేదు. నీళ్ళా, పురుగుమందా, ఏదైనా రోగమా? తెలిసినవాళ్ళు వెంటనే చెప్పండి, నేను ఇక్కడే కూర్చుని ఉంటాను.

పంపించి, నెల రోజులుగా చూడని పాత ఉత్తరాలు తెరిచింది. అందులో జలపతిరావుది ఒకటి ఉంది. మూఢనమ్మకాల మీద సమాజశాస్త్రంలో పరిశోధన చేస్తున్నవాడు. పది రోజుల కిందటి ఉత్తరం.

'మీ పట్టిక నాకెంతో ఉపయోగపడుతుంది. సరిచూసుకోవడానికి ప్రింటు తీసి, అందులోని పద్నాలుగు ఊళ్ళ పంచాయతీలకూ పోస్టులో పంపాను. వాళ్ళు అవునో కాదో టిక్కు పెట్టి తిప్పి పంపితే మనిద్దరి పనీ తేలికవుతుంది.'

పంచాయతీ పేరు మీద వచ్చిన ఉత్తరం పోస్టుమన్ ఎక్కడ పడేస్తాడో నర్మదకు తెలుసు.

లేవబోయింది. బస్సు ఇంకో గంటకు గాని లేదు. అంతలో తెర మీద కొత్త ఉత్తరం కదిలింది. ప్రమోదిని. హైదరాబాదులో మందుల శాస్త్రం చదువుతున్న డాక్టరు. నర్మద ఆమెను ఎప్పుడూ చూడలేదు.

'ఒక్కటే ప్రశ్న. పడినవాళ్ళంతా కల్లు తాగేవాళ్ళేనా? ఆ కల్లు ఈ మధ్య ఆగిపోయిందా?'

నర్మద నోటుబుక్కు తెరిచింది. వెంకటి, రోజూ రెండు పూటలా కల్లు. గంగుబాయి, రోజూ. బావి కార్మికుడు, రోజూ. నిద్ర లేదన్నవాళ్ళు, చేతులు వణుకుతున్నవాళ్ళు, మొత్తం పంతొమ్మిది ఇళ్ళు. ప్రతి ఇంటి ముందూ అదే మాట ఆమె చేత్తోనే రాసి ఉంది. తాగని ఇల్లు ఒక్కటీ అందులో లేదు. మూడు రోజులుగా తను రాస్తూనే ఉంది, చదవలేదు.

'అవును. ఆదివారం నుంచి లేదు,' అని కొట్టింది.

జవాబు పావుగంటలో వచ్చింది.

'అది కల్లు కాదు. నీళ్ళల్లో మత్తుపొడి కలిపి అమ్ముతారు. ఏళ్ళ తరబడి అది తాగిన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే మూడో రోజుకు ఫిట్సు వస్తాయి, లేనివి కనిపిస్తాయి, ప్రాణం పోతుంది. దయ్యం కాదు, పాపం కాదు. వాళ్ళను వెంటనే పెద్దాసుపత్రికి చేర్చండి. ఈ ఉత్తరం అక్కడి డాక్టరుకు చూపించండి, ఏ మాత్ర ఇవ్వాలో కింద రాశాను. ఆలస్యం చేస్తే ఇంకా పోతారు.'

లీలాబాయి ప్రింటు తీసింది. రెండంచులా చిల్లులున్న కాగితం కర్రుకర్రుమంటూ బయటికి వచ్చింది.

"కాయ్ ఝాలం పోరీ? మొకం గట్లెందుకున్నది?"

నర్మద కాగితం మడిచి రవికెలో పెట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది.

*

మిట్టమధ్యాహ్నం దాటి రెండు గంటలకు ఆమె బస్సు దిగేసరికి ఊరు నిశ్శబ్దంగా ఉంది. పంచాయతీ ఆఫీసు దగ్గరినుంచి మాత్రం ఒక చప్పుడు వస్తోంది. మనుషులు చాలామంది ఒకే పని చూస్తున్నప్పుడు వచ్చే చప్పుడు.

యాదవ్వను కరెంటు స్తంభానికి కట్టేశారు. చీర చినిగి భుజం మీదినుంచి వేలాడుతోంది. జుట్టు సగం కత్తిరించి ఉంది. గడ్డం నుంచి నడుము దాకా నెత్తురు. ఆమె ముందు దుమ్ములో చిన్న చిన్నగా తెల్లటివి పడి ఉన్నాయి. అవి పళ్ళని నర్మదకు ఒక క్షణం తర్వాత గాని అర్థం కాలేదు.

పళ్ళు పీకేస్తే మంత్రం నోట్లో తిరగదంటారు. ఆ మాట నర్మద థీసిస్‌లో రెండో అధ్యాయంలో ఉంది.

పళ్ళు పీకుతున్నది కొమురెల్లి. దుబాయి నుంచి తెచ్చుకున్న పసుపు పిడి పట్కారు అతని చేతిలో ఉంది. ఇద్దరు యాదవ్వ తల వెనక్కి వంచి పట్టుకున్నారు. పట్కారు జారి చిగురును చీల్చినప్పుడు ఆమె గొంతులోంచి మనిషి గొంతు కాని కూత వచ్చింది. గుంపు దానికి ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకు వచ్చింది.

స్తంభానికి ఆమె తలకు పైన ఒక కాగితం అంటించి ఉంది. రెండంచులా చిల్లులు. ఆరో వరస కింద ఎర్రపెన్నుతో గీత.

"సదువుకున్నోళ్ళు పంపిండ్రు హైద్రాబాదుకెళ్ళి," అంటున్నాడు అంతయ్య గుంపుతో. "పద్నాలుగు ఊర్లల్ల ఎవలెవలు చేస్తున్నరో కంప్యూటర్ పట్టి చెప్పింది. మన ఊరిది ఒక్కటే పేరు. నేను జెప్తలేను, కంప్యూటర్ జెప్తుంది!"

మంచిర్యాల ఎగ్జిబిషన్లో కంప్యూటర్ జాతకం చెప్పించుకోని ఇల్లు ఈదులవాడలో లేదు. అప్పుడూ ఇట్లాంటి చిల్లుల కాగితమే ఇచ్చారు. అది పెళ్ళి ముహూర్తం చెప్పింది, గల్ఫు వీసా వస్తుందని చెప్పింది. కొమురెల్లికి వచ్చింది కూడా.

పోశవ్వ ముందుకు వచ్చింది. ఊడిన గోరుకు గుడ్డ కట్టుకున్న చేత్తో కిరసనాయిలు డబ్బా ఎత్తి యాదవ్వ నెత్తి మీద గుమ్మరించింది. చిగుళ్ళలోకి అది దిగగానే యాదవ్వ ఒళ్ళు తాళ్ళతో సహా ఎగిరిపడింది.

"నా మొగణ్ణి తిన్నవు గదనే! పదేండ్లప్పుడు తేలు దించి, గిప్పుడు తిన్నవు గదనే!"

ఆమె రెండో చేతిలో అగ్గిపెట్టె ఉంది.

నర్మద అరిచాననుకుంది. గొంతు పెగల్లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె నలుగురి ముందు గట్టిగా మాట్లాడి ఎరగదు. మోచేతులతో జనాన్ని పొడుచుకుంటూ లోపలికి దూరి, పోయి యాదవ్వను వాటేసుకుంది. కిరసనాయిలు ఆమె చీరకూ, జుట్టుకూ పట్టింది. కళ్ళు మండాయి.

"జరుగు చెల్లె!" కొమురెల్లి గద్దించాడు.

"ముట్టియ్యుండ్రి," అంది నర్మద. ఈసారి గొంతు వచ్చింది. "నన్ను గూడ కలిపి ముట్టియ్యుండ్రి."

"చెల్లె, నీకేం తెల్వదు. జరుగంటున్న!"

"నాకు తెల్సు. గా కాయితం నేను రాసిందే. మంత్రం ఎవలకు తెల్సో రాసుకున్న, ఎవలు పెట్టిండ్రో కాదు. కంప్యూటర్ చెప్పలే, నేను రాసిన!"

"అబద్ధం," అన్నాడు అంతయ్య. "కాపాడతానికి చెప్తుంది."

గుంపు గుసగుసలాడింది. ఆడపిల్ల రాసిందానికన్నా కంప్యూటర్ చెప్పిందే వాళ్ళకు నమ్మకంగా ఉంది. నర్మద రవికెలోంచి తన కాగితం తీసి పైకెత్తింది. దీనికీ రెండంచులా చిల్లులు.

చిల్లులు చూసి ముందు వరస మెత్తబడింది.

"గిది ఇయ్యాల కరీంనగర్‌కెళ్ళి తెచ్చిన. డాక్టరమ్మ పంపింది. బాణామతి కాదు. కల్లుల పొడి కలిపిండ్రు. గా పొడి ఆగంగనే పానం అట్లైతది. నమ్మరా? చేతులు చాపుండ్రి."

నర్మద కొమురెల్లి వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు ముందుగాల చాపు. దినాం తాగుతవు గదా డిపోల."

కొమురెల్లి పట్కారు వైపు చూసుకున్నాడు. పట్కారు కొస వణుకుతోంది. ఎడమ చెయ్యి చాపాడు. ఆ చెయ్యి గాలికి ఆకు ఊగినట్టు ఊగింది. నర్మద నోటుబుక్కులోంచి పేర్లు చదవడం మొదలుపెట్టింది. పిలిచినవాళ్ళు ఒక్కొక్కరే చెయ్యి చాపారు. పంతొమ్మిది ఇళ్ళ చేతులు, నెత్తురంటినవీ, కర్రలు పట్టుకున్నవీ, అన్నీ వణుకుతున్నాయి. తర్వాత కల్లు ముట్టని వాళ్ళ పేర్లు పిలిచింది. వాళ్ళ చేతులు నిలకడగా ఉన్నాయి.

చాలాసేపు ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. చాపిన తమ చేతులనే చూసుకున్నారు.

"ఎవలు కలిపిండ్రు?" అంది పోశవ్వ.

నర్మద కాగితాన్ని పైనుంచి కిందికి మళ్ళీ చూసింది.

"ఎవలు కలిపిండ్రో పేరున్నదా కాయితంల?"

కాగితంలో పేరు లేదు. మందు ఉంది, మాత్ర ఉంది, ఆసుపత్రికి చేర్చండని ఉంది. నర్మద పోశవ్వ వేళ్ళ వైపు చూసింది. అగ్గిపెట్టె సగం తెరిచి ఉంది. పుల్ల బయటికి వచ్చి ఉంది. యాదవ్వ తల తన భుజం మీద వేడిగా, తడిగా, బరువుగా ఉంది. పేరు చేతికందకపోతే ఈ పుల్ల తిరిగి పెట్టెలోకి పోదని ఆమెకు తెలిసింది.

"ఉన్నది," అంది.

"ఎవలు?"

"అంతయ్య."

అంతయ్య నవ్వబోయాడు. "ఏయ్, పోరికి పిచ్చిలేసిందిరా…" అన్నంతవరకే వినబడింది. కొమురెల్లి చేతిలోని పట్కారు మొదట అతని నోటి మీద పడింది. తర్వాత ఎవరి కర్ర ఎక్కడ పడిందో చెప్పడం కష్టం. ఒకడు గుణపంతో మోకాళ్ళ మీద కొట్టాడు, పచ్చికట్టె విరిచినట్టు రెండు చప్పుళ్ళయ్యాయి. తెల్ల చొక్కా జేబులో పెన్నులు విరిగి సిరా నెత్తురుతో కలిసింది. కింద పడ్డవాణ్ణి ఆడవాళ్ళు రాళ్ళతో కొట్టారు. అతను రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు విప్పాడు. ఆ వేళ్ళ మీదనే ఇటుక పడింది.

నర్మద వెనక్కి తిరిగి తాళ్ళు విప్పుతోంది. "ఆపుండ్రి, సచ్చిపోతడు," అని ఒకసారి అంది. అది ఆమెకే వినబడలేదు. కిరసనాయిలుతో తడిసిన ముడులు జారుతున్నాయి. వెనక చప్పుడు ఆగేసరికి మూడో ముడి విప్పింది.

*

బావి మీదికి పోతున్న జీపొకటి ఆపి ఇద్దరినీ అందులోనే ఎక్కించారు. వేరే బండి లేదు. అంతయ్యను కింద పడుకోబెట్టారు. అతని ఊపిరి గురగురమంటోంది. యాదవ్వ సీటు మీద, నోటికి చీరకొంగు అదిమిపెట్టుకుని కూర్చుంది. జీపు గుంతలో పడ్డప్పుడల్లా అంతయ్య తల ఇనుప రేకుకు కొట్టుకుంటోంది. కొంతదూరం పోయాక యాదవ్వ కాలు చాపి, అతని తల కింద పాదం పెట్టింది.

నస్పూర్ దాటాక ఆమె కొంగు తీసింది. పళ్ళు లేని నోట్లోంచి మాట ఊపిరి కలిసి వచ్చింది. నర్మద చెవి దగ్గర పెట్టి వినాల్సి వచ్చింది, దసరా రోజు మంత్రం విన్నట్టే.

"నా పేరు నువ్వే రాసినవా బిడ్డా?"

"నేనే అత్తా."

"గీని పేరు కాయితంల ఉండెనా?"

"లేకుండె. నేనే చెప్పిన."

యాదవ్వ ఆమె మొహం వైపు చూడలేదు. కింద ఉన్న మనిషిని చూస్తూ కూర్చుంది.

"తేలు కుడితె దించస్తది," అంది చివరికి. "గిదెట్ల దించాల్నో నాకు రాదు."



అంతయ్య ఆదివారం పొద్దున పోయాడు. డిపో వెనక గదిలో పోలీసులకు రెండు బస్తాల పొడి దొరికింది. ఎవరు కొట్టారని వాళ్ళు ఊళ్ళో ఇల్లిల్లూ అడిగారు. గుంపు కొట్టిందన్నారు అందరూ. ఊరు మొత్తం మీద ఒక్క పేరు చెప్పినవాడు లేడు. నర్మదను అడిగినప్పుడు ఆమె తాళ్ళు విప్పుతున్నానంది. అది నిజమే.

ప్రమోదిని ఉత్తరంలోని మాత్రలతో పంతొమ్మిది ఇళ్ళలో మిగిలినవాళ్ళంతా బతికారు, కొమురెల్లితో సహా. సెలవు ఇంకో నెల ఉండగానే అతను దుబాయికి వెళ్ళిపోయాడు. పోయేముందు మూడు పొద్దులు యాదవ్వ గుమ్మం ముందు జావ గిన్నె పెట్టి వచ్చాడు. గిన్నెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పసుపు పిడి పట్కారు మాత్రం అతని పెట్టెలో కనబడలేదు. ఎక్కడ పారేశాడని అవ్వ అడగలేదు.

నెల తర్వాత నర్మద మళ్ళీ లీలాబాయి బూతులో కూర్చుంది. గుంపులో ఆమె పేరు మీద ఇరవై రెండు ఉత్తరాలున్నాయి. పేపర్లో వార్త చూసి మందుల వాళ్ళూ, చరిత్ర వాళ్ళూ అందరూ అభినందించారు. పరిశోధన ఊరికి పనికొచ్చిన అరుదైన సందర్భమని ఒకరు రాశారు. జలపతిరావు క్షమాపణ చెప్పి, కింద ఇంకో మాట చేర్చాడు.

'ఈ ఘటన మీద ఇద్దరం కలిసి ఒక వ్యాసం రాద్దాం. చనిపోయిన కాంట్రాక్టరు పేరు, వయసు, ఊరు, కొట్టినవాళ్ళలో మీకు తెలిసిన పేర్లు పట్టికగా వేసి గుంపుకు పంపగలరా?'

నర్మద ఆ వరసను మళ్ళీ చదివింది. తర్వాత రాసింది. ఈదులవాడలో ఏం జరిగిందో మొత్తం రాసింది. దసరా రోజు చేతిలో చెయ్యి వేసిన సంగతీ, లేని పేరును కాగితంలో ఉందని చెప్పిన సంగతీ రాసింది. అందులో ఒక్కటే పేరు ఉంది, అది ఆమెది. పాత పట్టికను ప్రతి ఒక్కరూ తీసేయండని, ప్రింటు తీసి ఉంటే కాల్చేయండని చివర రాసి పంపేసింది.

లీలాబాయి ప్రింటరు మీట మీద వేలు పెట్టింది. "తియ్యాల్నా పోరీ? గింత పెద్దది రాసినవు."

"వద్దు," అంది నర్మద.